డెబ్బై అయిదేళ్లుగా సాయం అందుతున్నా పాలస్తీనియన్లు ఇంకా శిబిరాల్లోనే ఎందుకున్నారు?

గోదారి గట్టు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇంట్లో అందరం కలిసినప్పుడు గాజా వార్తల మీద మాట మొదలై, మా బావగారికీ నాకూ మధ్య కాస్త గట్టి వాదనే జరిగింది. మూడు తరాలుగా ఉచితంగా పిండీ నూనే పంచిపెడుతుంటే ఎవరు మాత్రం లేచి తమ కాళ్ల మీద తాము నిలబడతారని ఆయన అడిగారు. దేశవిభజనప్పుడు పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కాందిశీకులు ఇరవై ఏళ్లు తిరిగేసరికి వ్యాపారాలు పెట్టి నిలదొక్కుకున్నారనీ, వీళ్లు మాత్రం ఐక్యరాజ్యసమితి గుడారాల్లోనే మిగిలిపోయారనీ ఆయన అభిప్రాయం. నాకు ఆ పోలిక సరైనదిగా అనిపించలేదు కానీ, ఎందుకు సరికాదో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను.

నాకు తెలిసింది కొంతే. పాలస్తీనా శరణార్థుల కోసమే ఐక్యరాజ్యసమితి ఒక ప్రత్యేక సంస్థను (యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ, వార్తల్లో ‘అన్రా’ అని కూడా అంటున్నారు) నడుపుతోంది. మన దేశం కూడా 2018లో దానికిచ్చే వార్షిక విరాళాన్ని 12.5 లక్షల డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లకు పెంచింది. 2024 జనవరిలో ఆ సంస్థ ఉద్యోగుల్లో కొందరు 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద జరిగిన హమాస్ దాడిలో పాల్గొన్నారన్న ఆరోపణలు రాగానే అమెరికాతో సహా పదిహేనుకు పైగా దేశాలు నిధులు ఆపాయి. తరువాత వాటిలో చాలా దేశాలు తిరిగి ఇచ్చాయి.

ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అన్న చర్చ ఇక్కడ ఇప్పటికే చాలాసార్లు జరిగింది కాబట్టి దానిలోకి వెళ్లవద్దని మనవి. నా ప్రశ్న ఒక్కటే. ఇన్నేళ్ల సాయం ఆ మనుషులను, వారి ఆర్థిక వ్యవస్థను ఏం చేసింది? మా బావగారు అన్నట్టు సోమరులను చేసిందా, లేక నాకు తెలియని మరేదైనా జరిగిందా?

పాత అట్లాసు

గోదారి గట్టు గారూ, ముందుగా ఆ సంస్థ పూర్తి పేరును తెలుగు చేసుకుని చూడండి. అది పాలస్తీనా శరణార్థుల ‘సహాయ, పనుల’ సంస్థ. ఆ ‘పనులు’ అనే మాట పేరులో ఊరికే చేరలేదు. మీ బావగారికి వచ్చిన సందేహమే 1949లో అమెరికాకూ ఐక్యరాజ్యసమితికీ వచ్చింది.

ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనియన్లు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. సుమారు 80 వేల జనాభా ఉన్న గాజా ప్రాంతంలోకి కొద్ది నెలల్లోనే దాదాపు 2 లక్షల మంది వచ్చి పడ్డారు. అక్కడ మొదట రేషన్లు పంచింది అమెరికాకు చెందిన క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖ) సంఘం. ఏడాదిన్నర తిరగకముందే, రాజకీయ పరిష్కారం లేకుండా ఏళ్ల తరబడి తిండి పంచుతూ పోవడం ఆ మనుషులకు మేలు చేయదన్న అభిప్రాయానికి వచ్చి ఆ సంఘం 1950లో తప్పుకుంది. అంటే ‘సాయం మనిషిని పాడు చేస్తుందా’ అన్న ప్రశ్న ఈ మధ్య పుట్టింది కాదు, మొదటి గోధుమపిండి బస్తాతోపాటే పుట్టింది.

1949 డిసెంబరు 8న సర్వప్రతినిధి సభ 302వ తీర్మానంతో అన్రాను ఏర్పాటు చేసింది. 1950 మే 1న అది పని మొదలుపెట్టింది. అమెరికాలో టెనెసీ లోయ ప్రాజెక్టు సంస్థకు అధిపతిగా ఉన్న గోర్డన్ క్లాప్ నాయకత్వంలోని ఒక సర్వే బృందం, రోడ్లు వేయించి, కాలువలు తవ్వించి, చెట్లు నాటించి శరణార్థులకు కూలి ఇప్పిస్తే క్రమంగా ఉచిత రేషన్ల అవసరం తీరిపోతుందని సిఫారసు చేసింది. ఆ ప్రణాళిక సాగలేదు. కొంతవరకు ఖర్చు కారణం: ఒక మనిషికి పని కల్పించడానికయ్యే ఖర్చు, అదే మనిషికి రేషను ఇవ్వడానికయ్యే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువైంది. అంతకంటే పెద్ద కారణం శరణార్థుల అనుమానం. ఇక్కడ శాశ్వతంగా ఇల్లూ పనీ కల్పిస్తున్నారంటే, 1948 డిసెంబరు నాటి 194వ తీర్మానం చెప్పిన తిరిగి వెళ్లే హక్కును మెల్లగా మరిపిస్తున్నారని వారు భావించారు. దీనికి అరబ్బీలో ‘తౌతీన్’ అని ఒక మాట ఉంది. ‘ఉన్నచోటే పాతేయడం’ అన్నంత నిరసనతో దాన్ని వాడతారు. గాజా శరణార్థుల్లో వేలాది మందిని సినాయ్ ఎడారిలో స్థిరపరచాలన్న పథకం మీద 1955 మార్చిలో గాజాలో పెద్ద ఎత్తున ఆందోళనలు జరిగాయి. అప్పట్లో గాజాను పాలిస్తున్న ఈజిప్టు ఆ పథకాన్ని వదులుకోవలసి వచ్చింది. ఉచిత భోజనానికి అలవాటుపడి జనం పనిని కాదన్నారని దీన్ని చదువుకోవడం చరిత్రకు అన్యాయం. పని వెనుక ఉన్న షరతును వారు కాదన్నారు.

పంజాబు కాందిశీకులతో పోలిక నిలవకపోవడానికీ మూలం ఇక్కడే ఉంది. వారికి ఈ దేశంలో పౌరసత్వం, ఓటు, చాలామందికి అటు వలసపోయిన వారి భూములు లభించాయి. పాలస్తీనియన్లలో అటువంటి అవకాశం పెద్ద సంఖ్యలో దొరికింది జోర్డానులో ఉన్నవారికే. అక్కడ వారు నిలదొక్కుకున్నారు కూడా. లెబనానులో నేటికీ చాలా వృత్తులు వారికి నిషిద్ధం, ఆస్తి కొనుక్కునే వీలు లేదు. రెండు దేశాల్లోనూ సాయం చేసింది అదే సంస్థ. ఫలితాల్లో తేడా తెచ్చింది చట్టం.

మరొక్క మాట. అన్రా దృష్టిలో శరణార్థి కావాలంటే 1948లో ఇల్లూ, జీవనాధారమూ రెండూ పోయి ఉండాలి. వెస్ట్ బ్యాంకు (జోర్డాను నదికి పడమటనున్న పాలస్తీనా ప్రాంతం)లోని కల్కీలియా ఊరు ఇజ్రాయెల్‌తో గీసిన యుద్ధవిరమణ రేఖకు ఇటువైపు, దాని తోటల్లో అధికభాగం అటువైపు మిగిలాయి. ఇల్లు నిలిచి పొలం పోయిన రైతు తన నారింజ తోటను కళ్లతో చూడగలిగేవాడు కానీ రేషను జాబితాలోకి ఎక్కలేకపోయేవాడు. సాయం అనేది మొదటి రోజు నుంచే మనుషులను అర్హులుగా, అనర్హులుగా విడగొట్టడం కూడా చేసింది.

గల్ఫ్ బాటసారి

నేను పండితుణ్ణి కాను. పందొమ్మిదేళ్లు కువైట్లో ఒక నిర్మాణ సంస్థ కార్యాలయంలో లెక్కలు రాసి, ఆరేళ్ల కిందట రాజంపేట దగ్గర మా ఊరికి తిరిగి వచ్చినవాణ్ణి. అక్కడ నా పై అధికారి పాలస్తీనా మనిషి, జోర్డాను పాస్‌పోర్టు. పెరిగింది అమ్మాన్ శివార్లలో, 1967 యుద్ధం తరువాత వెలసిన బకా శిబిరంలో. ఆయన ఎప్పుడూ అన్రా అని గానీ ఐక్యరాజ్యసమితి అని గానీ అనగా నేను వినలేదు. ‘వకాలా’ అనేవాడు, అంటే ఏజెన్సీ. వకాలా బడి, వకాలా డాక్టరు, వకాలా పిండి. మన పల్లెల్లో ‘గవర్నమెంటు’ అనే మాట ఎలా వాడతామో అచ్చం అలాగే.

చదువు విషయం చెప్పాలి, ఎందుకంటే సోమరితనం అన్న మాటకు నాకు తెలిసిన సమాధానం అదే. వకాలా బడిలో గదులు చాలక రెండు పూటల పద్ధతి ఉండేదట. ఉదయం బడికి వెళ్లే అన్న మధ్యాహ్నం ఇంటికి వచ్చి అదే సంచీని మధ్యాహ్నపు బడికి వెళ్లే ఈయనకు అందించేవాడట. అన్న పుస్తకాలు ఖాళీ చేసి ఇవ్వడం ఒక్కోరోజు ఆలస్యమై తనకు బెత్తం దెబ్బలు పడ్డాయని నవ్వుతూ చెప్పేవాడు. ఆ ఇద్దరూ ఇంజనీర్లయ్యారు. గల్ఫ్ దేశాలు చమురు డబ్బుతో లేస్తున్న రోజుల్లో అక్కడి బడుల్లో పంతుళ్లు, ఆసుపత్రుల్లో వైద్యులు, ఆఫీసుల్లో గుమాస్తాలు ఎంతమంది పాలస్తీనియన్లో పాతకాలపు కువైటీలను అడిగితే చెబుతారు. 1990లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం కువైటును ఆక్రమించిన తరువాత, పాలస్తీనా నాయకుడు అరాఫత్ ఆయన పక్షం వహించాడన్న కోపానికి, కువైట్లో ఉన్న దాదాపు 4 లక్షల పాలస్తీనియన్లలో అత్యధికులు వెళ్లిపోవలసి వచ్చింది. మనవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో అడుగుపెట్టింది ఆ తరువాత ఖాళీ అయిన కుర్చీల్లోకేనని అప్పుడప్పుడు నాకు అనిపిస్తుంది. నా పై అధికారి కూడా అప్పుడు వెళ్లి, చాలా ఏళ్ల తరువాత మళ్లీ వచ్చినవాడే.

ఒకసారి సెలవుకు వెళ్లి వచ్చి, వాళ్లమ్మ దాచుకున్న రేషను కార్డు ఫొటో ఫోనులో చూపించాడు. మడతల దగ్గర చిరిగితే వెనుక గుడ్డముక్క అంటించి ఉంది. ఆ ఇంట్లో ఎవరూ వకాలా పిండి తీసుకుని ముప్ఫై ఏళ్లు దాటింది. అయినా ఆవిడ, మనవడు పుట్టినా మనవరాలు పుట్టినా, మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి వెళ్లి వకాలా రిజిస్టరులో పేరు ఎక్కించి వచ్చేదట. పిండి కోసమైతే అంత దూరం ఎందుకు వెళుతుంది? ఆ కాగితం మీద కుటుంబం పేరుతోపాటు వారు విడిచి వచ్చిన ఊరి పేరు ఉంటుంది. ఆ ఊరు ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.

లెక్కల పద్దు

పై రెండు జవాబులూ బాగున్నాయి. అయితే అవి ఎక్కువగా అన్రా గురించి, 1990కి ముందు గురించి. ప్రశ్న ఆర్థిక వ్యవస్థను కూడా అడిగింది కాబట్టి 1993 తరువాతి డబ్బు సంగతి చెబుతాను. నా దృష్టిలో అసలు నష్టం అక్కడ జరిగింది.

ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా నాయకత్వానికీ మధ్య 1993లో ఓస్లో ఒప్పందం కుదిరిన కొద్ది వారాలకే వాషింగ్టన్‌లో సమావేశమైన దాతదేశాలు అయిదేళ్లకు సుమారు 240 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అప్పటి నుంచి 2020 వరకు వెస్ట్ బ్యాంకుకు, గాజాకు వచ్చిన మొత్తం సాయం 4,000 కోట్ల డాలర్లు దాటింది. తలసరిన చూస్తే ప్రపంచంలో అంత సాయం అందుకున్న ప్రజలు అరుదు. ఆ డబ్బు ఒక దేశాన్ని కడుతోందన్నది అందరి నమ్మకం. కానీ దేశానికి ఉండవలసిన తాళాలు వేరేవారి చేతిలోనే ఉండిపోయాయి. 1994 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనా ప్రాంతాలకు వచ్చే సరుకుల మీద సుంకాన్ని ఇజ్రాయెల్ వసూలు చేసి, 3 శాతం తన ఖర్చుకింద పట్టుకుని, మిగిలినది నెలనెలా పాలస్తీనా ప్రభుత్వానికి జమచేస్తుంది. ఆ ప్రభుత్వ ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు ఇదే. రాజకీయంగా తేడా వచ్చినప్పుడల్లా ఈ జమ ఆగిపోతుంది. ఆగిన నెలల్లో పంతుళ్ల జీతాలకు దాతలను అడగవలసి వస్తుంది. సొంత కరెన్సీ లేదు, చెలామణీ అయ్యేది ఇజ్రాయెల్ షెకెలే. దాతలిచ్చిన డాలరుతో కొనే సరుకులోనూ అధికభాగం ఇజ్రాయెల్ నుంచో, ఇజ్రాయెల్ రేవుల మీదుగానో రావలసిందే.

ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం. 2005లో ఇజ్రాయెల్ గాజా నుంచి తన సెటిలర్లను (అక్కడ స్థిరపడిన ఇజ్రాయెలీలను) ఖాళీ చేయించినప్పుడు, అక్కడ వారు వదిలివెళ్లే గ్రీన్‌హౌస్‌లను పాలస్తీనియన్ల కోసం దాతల డబ్బుతో కొన్నారు. ప్రపంచ బ్యాంకు మాజీ అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్సన్ సొంత డబ్బు 5 లక్షల డాలర్లు వేసి, మిగతావారి చేత కూడా వేయించి, సుమారు 1.4 కోట్ల డాలర్లు పోగుచేశారు. ఖాళీ అయిన రోజుల్లో కొన్నింటిలో పైపులు, మోటార్లు దోపిడీకి గురైన మాట నిజం, దాన్ని దాచనక్కర్లేదు. అయినా బాగుచేసుకుని, ఆ చలికాలానికే స్ట్రాబెర్రీలు, టమాటాలు, మిరప పండించారు. ఎగుమతికి ఉన్న దారి ఒకటే, కార్నీ సరిహద్దు ద్వారం. భద్రతా కారణాలు చెప్పి 2006 మొదటి నెలల్లో ఎక్కువ రోజులు ఇజ్రాయెల్ ఆ ద్వారాన్ని మూసివేసింది. కోసిన పంట పెట్టెల్లోనే మెత్తబడి కుళ్లిపోయింది. విత్తనానికి డబ్బు, నీటికి డబ్బు, శిక్షణకు డబ్బు అన్నీ వచ్చాయి. తెరిచి ఉన్న గేటు ఒక్కటి రాలేదు. నలుగురైదుగురు దాతలు కలిసి కట్టించిన గాజా విమానాశ్రయం కథ కూడా ఇంతే. 1998 చివర తెరిచారు, 2001 డిసెంబరు నుంచి రాడారు, ఆ తరువాత రన్‌వే ధ్వంసమయ్యాయి.

ఇప్పుడు ‘సోమరితనం’ లెక్క చూడండి. గాజాలో అన్రా నుంచి ఆహార సాయం తీసుకున్నవారు 2000లో 80 వేల కంటే తక్కువ. 2023 యుద్ధానికి ముందే ఆ సంఖ్య 10 లక్షలు దాటింది. ఒకే సంస్థ, అదే జనం, అదే పిండి. ఇరవై ఏళ్లలో పన్నెండు రెట్లు బద్ధకం పెరిగే జాతి ఉంటుందని నేననుకోను. ఆ మధ్యకాలంలో ఇజ్రాయెల్‌కు వెళ్లి కూలి చేసుకునే దారి మూసుకుపోయింది, 2007 నుంచి దిగ్బంధం వచ్చింది, చేపల వేటకు సముద్రంలో హద్దు గీశారు, ఒకదాని వెంట ఒకటి యుద్ధాలు జరిగాయి. వెస్ట్ బ్యాంకులో సుమారు 60 శాతం భూమి ‘సి’ ప్రాంతం పేరుతో పూర్తిగా ఇజ్రాయెల్ అధీనంలో ఉంది. అక్కడి ఆంక్షల వల్ల పాలస్తీనా ఆర్థిక వ్యవస్థ ఏటా దాదాపు 340 కోట్ల డాలర్లు నష్టపోతోందని ప్రపంచ బ్యాంకు 2013లో లెక్కగట్టింది. ఏ దాతా ఏటా అంత ఇచ్చింది లేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి చట్టానికి సంబంధించినది. నాలుగో జెనీవా ఒడంబడిక 55వ అధికరణ ప్రకారం ఆక్రమిత ప్రాంత ప్రజలకు తిండి, మందులు అందేలా చూడవలసిన బాధ్యత ఆక్రమించిన దేశానిది. బయటివారు సాయం పంపినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదని 60వ అధికరణ విడిగా చెబుతుంది. (ఆ ఒడంబడిక ఈ ప్రాంతాలకు చట్టప్రకారం వర్తించదని ఇజ్రాయెల్ వాదన, అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో వర్తిస్తుందని చెప్పింది.) ఆచరణలో మాత్రం ఆక్రమణ ఖర్చును యూరపు, అమెరికా, అరబ్ దేశాల పన్నులు కట్టేవారు భరిస్తూ వచ్చారు. బాంబులు పడటం, దాతల సమావేశం జరగడం, మళ్లీ కట్టడం, మళ్లీ పడటం అన్న వరస స్థిరపడిపోయింది. 2014 యుద్ధం తరువాత కైరోలో 540 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. సరిహద్దు తెరవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ సమావేశం చేతిలో లేదు.

ఎదురు ప్రశ్న

లెక్కల పద్దు గారి లెక్కలు కాదనను. కానీ ఈ చర్చలో ఒక పక్షం పూర్తిగా కనబడకుండా పోతోంది. సాయం అందుకున్నవారి నాయకులకు ఏ బాధ్యతా లేదా? మహమూద్ అబ్బాస్ 2005లో పాలస్తీనా అధ్యక్షుడిగా నాలుగేళ్ల పదవికి ఎన్నికయ్యారు. ఆ తరువాత అధ్యక్ష ఎన్నికలే జరగలేదు. జీతాలు దాతలు ఇస్తుంటే ప్రజల నుంచి పన్ను వసూలు చేయనక్కర్లేదు, పన్ను అడగని ప్రభుత్వం ఓటూ అడగనక్కర్లేదు. సాయం వల్ల పుట్టిన జబ్బుల్లో ఇది ఒకటి కాదా? గాజాలో హమాస్ సంగతి మరీ దారుణం. బడులు, దవాఖానాలు వకాలా చూసుకుంటుంటే, తమ డబ్బూ సిమెంటూ సొరంగాలకు మళ్లించగలిగారు. 2014లో ఖాళీగా ఉన్న కొన్ని అన్రా బడుల్లో రాకెట్లు దొరికాయని ఆ సంస్థే ప్రకటించింది. 2023 అక్టోబరు 7 దాడిలో 9 మంది ఉద్యోగులకు పాత్ర ఉండి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి సొంత విచారణే తేల్చింది.

ఇంకొకటి. 1950లో సుమారు ఏడున్నర లక్షలున్న శరణార్థులు ఇవాళ 59 లక్షలయ్యారు. తాత నుంచి మనవడికి శరణార్థి హోదా సంక్రమించే ఏర్పాటు ఉన్నంతకాలం సమస్య తరగదు, పెరుగుతుంది. బాటసారి గారు చెప్పిన ఆ తల్లి కథ మనసుకు తాకేదే. కానీ జోర్డాను పౌరసత్వం, ఇంజనీరు ఉద్యోగం ఉన్న మనిషి శరణార్థి ఎలా అవుతాడో నాకు అర్థం కాలేదు.

పాత అట్లాసు

ఎదురు ప్రశ్న గారూ, పన్ను, ఓటు గురించి మీరన్న దానితో ఏకీభవిస్తాను. నిజానికి ఈ చర్చలో అందరికంటే పదునైన మాట అదే. పాలస్తీనా ప్రభుత్వ కార్యాలయాలున్న రమల్లాలో దాతల నివేదికల భాషలో మాట్లాడగల ఒక వర్గం తయారైంది. గ్రామస్థుల సంఘాలు, మహిళా కమిటీలు మెల్లగా ప్రాజెక్టు కార్యాలయాలుగా మారాయి. ఊళ్లో ఏం కావాలన్న దానికంటే ఈ ఏడాది ఏ అంశానికి నిధులున్నాయన్నదే ముందు చూడవలసి వచ్చింది.

వారసత్వం మాట మాత్రం పూర్తిగా సరికాదు. మిగతా ప్రపంచంలోని శరణార్థులను చూసే ఐక్యరాజ్యసమితి హైకమిషనర్ కార్యాలయం కూడా పరిష్కారం దొరికేవరకు శరణార్థుల పిల్లలను శరణార్థులుగానే గుర్తిస్తుంది. పాకిస్తాన్‌లో పుట్టిన ఆఫ్ఘన్ పిల్లలు అందుకు ఉదాహరణ. తేడా ఉన్నది మీరు చివర ఎత్తిచూపిన చోట. వేరే దేశ పౌరసత్వం వచ్చాక ఆ కార్యాలయం పేరు తీసేస్తుంది, అన్రా తీసేయదు. మరోపక్క, శరణార్థులను వేరే దేశంలో స్థిరపరచే అధికారం హైకమిషనర్ కార్యాలయానికి ఉంది, అన్రాకు లేదు. దానికి అప్పగించింది బడి, వైద్యం, రేషను వంటి సేవలే. కాలపరిమితి మాత్రం సాధారణంగా మూడేళ్లకొకసారి పొడిగిస్తారు. ముప్ఫై వేల మంది ఉద్యోగులున్న సంస్థ డెబ్బై అయిదేళ్లుగా తాత్కాలికమే.

గోదారి గట్టు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా బావగారికి ఈ చర్చ మొత్తం పంపించాను. 80 వేలు, 10 లక్షల లెక్క దగ్గర ఆయన ఆగారు. అది తనకు తెలియదన్నారు. ఎదురు ప్రశ్న గారి మాటలు మాత్రం నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

ఒక సందేహం మిగిలింది. అన్రా ఇజ్రాయెల్ భూభాగంలో పని చేయకూడదని 2024 అక్టోబరు 28న ఇజ్రాయెల్ పార్లమెంటు చట్టాలు చేసింది, అవి 2025 జనవరి 30న అమల్లోకి వచ్చాయి. సాయమే తప్పయితే, దాన్ని తీసేస్తే బాగుపడాలి కదా?

లెక్కల పద్దు

తీసేసి చూడటం జరిగింది. 2025 మార్చి మొదట్లో గాజాకు సరుకు పూర్తిగా ఆపి, మే నెలాఖరున కొత్తగా పుట్టిన ఒక అమెరికా సంస్థ చేత పంపిణీ మొదలుపెట్టించారు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటులో సుమారు 400 పంపిణీ చోట్లు ఉండేవి, దీనిలో నాలుగు. ఆ నాలుగింటి చుట్టూ, వాటికి వెళ్లే దారుల్లో వందలాది మంది కాల్పుల్లో చనిపోయారు. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉన్నట్టు అధికారికంగా ప్రకటన వచ్చింది. ఆ కొత్త సంస్థ నవంబరులో మూతపడింది. గేటు అప్పటికీ అదే చేతిలో ఉంది కాబట్టి, సాయాన్ని తీసేసినంత మాత్రాన ఎవరూ స్వయంసమృద్ధులు కాలేదు. నా అభ్యంతరం ఎన్నడూ పిండి మీద కాదు. పిండి ఇస్తున్నాం కదా అని మిగతాదంతా వాయిదా వేసిన వారి మీద.

గల్ఫ్ బాటసారి

ఎదురు ప్రశ్న గారు అడిగిన దానికి నా దగ్గర చట్టపరమైన జవాబు లేదు. ఆ మిత్రుడికి నిన్న ఫోను చేసి, మీ ప్రశ్నను యథాతథంగా అడిగాను. కొంచెంసేపు నవ్వాడు. తన పెద్దకొడుకు జర్మనీలో పళ్ల డాక్టరనీ, వాడి పేరు కూడా నానమ్మ ఎక్కించిందనీ, ఆవిడ పోయాక వాడి కూతురి పేరు ఎక్కించడానికి తాను ఇంకా వెళ్లలేదనీ, వచ్చే నెల అమ్మాన్ వెళ్లినప్పుడు చూడాలనీ చెప్పాడు.